వానకు భయపడని మేనల్లుడు

నా మేనల్లుడు ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి. చీర అంచును వేలితో తడిమి చూడటంలో ఎంత నిదానమో, తన స్పోర్ట్స్ కారు ఎక్కితే అంత తొందర. ఆ కారులో ట్రాక్షన్ కంట్రోల్ అనే ఏర్పాటు ఉండేది. చక్రాలు జారబోతే ఇంజను ఉరవడిని అదే తగ్గిస్తుంది. రేస్ ట్రాక్ మీద సొంత కార్లు నడుపుకోనిచ్చే రోజుల్లో అతడు ముందుగా చేసే పని, దాని బటన్‌ను పసిబిడ్డను జోకొట్టినట్టు మెల్లగా తట్టి ఆపడం.

"దీన్ని నిద్రబుచ్చుతాండా మామా. ఇది మేలుకొనుంటే బండి దానిదైతాది, నాది కాదు" అనేవాడు. ఆపనని భార్యకు మాట ఇచ్చి కూడా ఆపేవాడు.

చివరిసారి నేనూ వెంట వెళ్లాను. చినుకులు మొదలయ్యాయి. తడి తారు జారుతుందనీ, ఈ పూటైనా దాన్ని ఆపవద్దనీ గట్టిగానే మందలించాను.

"ఏం మామా, అనంతపురమోళ్లం. వాన కోసం మొక్కుకునేటోళ్లం. ఇప్పుడు దానికి భయపడమంటావా?" అని నవ్వి, బటన్ తట్టి వెళ్లిపోయాడు.

రెండో మలుపులో వేగం పెంచగానే వెనుక చక్రాలు జారాయి. కారు గిర్రున తిరిగి గోడను ఢీకొంది. నేను చేరుకునేసరికే ప్రాణం పోయింది.

ఇంటికి తెచ్చినప్పుడు అతని భార్య ఏడవలేదు. నన్ను పక్కకు పిలిచి, "మామా, అది ఆన్‌లోనే ఉండెనా?" అని మాత్రం అడిగింది. పెద్దవాడిగా నిజం దాచడం ధర్మం కాదనుకున్నాను.

"లేదమ్మా, ఆపేసినాడు" అన్నాను.



"అబద్ధమన్నా చెప్పకపోతివే మామా" అంది ఆమె.