అడ్డపొగా, ఈథరూ, నా దరఖాస్తూ

"డాక్టరువి అయ్యావు, బాగుంది. ఆడదానివి, పురుళ్లు పోస్తూ ఉండక ఈ మత్తుమందు పిచ్చేటమ్మా నీకు?" అని ఆ రోజుల్లో నన్ను అడగనివాళ్లు లేరు. మా నాన్న అడిగాడు. మా చర్చి పాస్టరుగారు అడిగారు. ఆసుపత్రి గేటు దగ్గర పకోడీలు వేసే ఆవిడ కూడా, పొట్లం కడుతూ కడుతూ అడిగేసింది. అందరికీ ఒకటే జవాబు: "నా ఇష్టం." నా కోపం నాకంటే ముందు పుట్టిందని మా అమ్మ అనేది. ఆ మాటకీ నాకు కోపమొచ్చేది.

అరవైల చివరి మాట ఇది. శ్రీకాకుళం వైపు ఒక సర్కారు ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఊరి పేరు చెప్పను, అక్కడివాళ్లు ఇంకా చాలామంది బతికే ఉన్నారు. ఆపరేషన్లకి మత్తు ఇవ్వడానికంటూ వేరే డాక్టరు ఉండేవాడు కాదు. ఎవరి చేతులు ఖాళీగా ఉంటే వాళ్లొచ్చి, రోగి ముక్కు మీద గాజుగుడ్డ చుట్టిన జాలీ ముసుగు పెట్టి, దాని మీద ఈథరు చుక్కలు చుక్కలుగా వేసేవారు. అది చిన్న పని అని అందరి లెక్క. నాకేమో ఆ పని మీదే మనసు పడిపోయింది. బతికున్న మనిషి నన్ను నమ్మి కళ్లు మూసుకుంటాడు. కోసి కుట్టేదాకా అతని ఊపిరి వింటూ తల దగ్గర కూర్చోవాలి. మళ్లీ కళ్లు తెరిచి "అయిపోనాదా?" అని అడిగితే, ఆ పూట నాకు అన్నం అక్కర్లేదు, అంత సంతోషం.

విశాఖలో మత్తు వైద్యానికి డిప్లొమా ఉండేది, డి.ఏ. అనేవారు. అది ఉంటే గానీ మత్తు డాక్టరని బోర్డు మీద రాసుకోవడానికి లేదు. ఆ దరఖాస్తుకి కావలసినవి వింటే పెళ్లి సామాన్లు నయం అనిపిస్తుంది. ఎం.బి.బి.ఎస్. పట్టా నకలు, హౌస్ సర్జన్సీ చేసినట్టు కాగితం, పల్లెటూళ్లో సర్కారు నౌకరీ చేసినట్టు కాగితం, నడవడిక మంచిదని ఒక కాగితం. ప్రతిదాని మీదా గెజిటెడ్ అధికారి సంతకం, గుండ్రటి ముద్ర. నా నడవడిక గురించి సంతకం పెట్టిన తాసీల్దారుగారు నన్ను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు, సంతకం పెట్టేటప్పుడు కూడా చూడలేదు. ఇవన్నీ సంపాదించాను. ఒక్కటే మిగిలింది. పెద్ద కేసులకి సొంతంగా మత్తు ఇవ్వగలనని మా పెద్ద సర్జనుగారు రాసివ్వాలి.

ఆయన కృష్ణా నది అవతలి మనిషి. బంగారం లాంటి చేయి, కారం లాంటి నోరు. "లేబరు వార్డులో చెయ్యి తిరిగినదానివి, నీకెందుకమ్మా ఇదంతా?" అని వాయిదా వేసీ వేసీ, చివరికి నా పోరు పడలేక ఒక షరతు పెట్టారు. "బుధవారం పెద్ద కేసుంది. మొదటినుంచి చివరిదాకా నువ్వొక్కదానివే మత్తు ఇవ్వు. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి పేషెంటు నిద్రలోకి జారుతూ ఉండాలి. నాకు నచ్చితే సంతకం. గురువారం నుంచి నేను సెలవు, మా అమ్మాయి పెళ్లి." దరఖాస్తు శనివారంలోగా విశాఖలో ఉండాలి. అంటే బుధవారం తప్పితే ఆ ఏడాదికి నా కథ కంచికే. పై ఏడాది దాకా ఆగుదామంటే, ఈలోగా పెళ్లి చేసెయ్యడానికి మా నాన్న కాచుక్కూర్చున్నాడు.

ఆ పెద్ద కేసు భావనపాడు నుంచి వచ్చిన ముసలమ్మ. చేపల గంప మోసి మోసి మెడ గట్టిపడిన మనిషి. కడుపులో గడ్డ. ఎంత గడ్డంటే, ఏడో నెల గర్భిణీలా ఉండేది. "ఈ వయసులో నీకిదేం బుద్ధే" అని వాళ్ల పేటలో అందరూ ఏడిపించారట. తనే చెప్పి తనే పడీపడీ నవ్వేది. వార్డులో చేరిన రోజు నుంచి ఆ నోటికి మూత లేదు. పక్క మంచం రోగికి సంబంధాలు చూసింది, నర్సమ్మకి రొయ్యల ఇగురు ఎలా వండాలో చెప్పింది, నన్ను, చిన్నపిల్లని పిలిచినట్టు, "ఓలే గుంటా" అంది. డాక్టరమ్మ అనాలని నర్సమ్మ కసిరితే, "డాక్టరయితే గుంట కాదేటి?" అంది.

ఆవిడ గుండెల మీద స్టెతస్కోపు పెట్టాను. లోపల పిల్లికూతలు. నోరు తెరవమంటే అంగిలి తెల్లగా మొద్దుబారిపోయి ఉంది. అంతే, నాకు అర్థమైపోయింది. ఇంక అడగక్కర్లేదు.

ఇక్కడ మా అమ్మమ్మ సంగతి చెప్పాలి. మా వైపు ఆడవాళ్లు కొందరు చుట్టని అడ్డపొగ తాగుతారు. అంటే వెలిగించిన కొస నోట్లోకి పెట్టుకుంటారు. నిప్పు లోపల, వెలిగించని కొస పెదాల దగ్గర. ఆ సెగకే అంగిలి తెల్లబడిపోతుంది. సముద్రపు గాలికి ఆరదు, నాట్లు వేస్తుంటే వానకి తడవదు, రెండు చేతులూ ఖాళీ. మా అమ్మమ్మకి అదంటే ప్రాణం. కోటబొమ్మాళిలో మాది మిషను చర్చి కుటుంబం. పాస్టరుగారు చుట్టల మీద ఎన్ని ప్రసంగాలు చేశారో! చివరి బల్ల మీద మా అమ్మమ్మ పైట చెంగు మూతికి అడ్డంగా పెట్టుకుని, తల వంచుకుని వినేది. "ఆ తల్లి భక్తి చూడండి" అనేవారు పాస్టరుగారు. చెంగు వెనకాల చుట్ట కాలుతూ ఉండేది. అది నాకొక్కదానికే తెలుసు, పక్కన కూర్చునేదాన్ని కాబట్టి. దీర్ఘ ప్రార్థనలో ముక్కులోంచి సన్నటి పొగ వచ్చేది. ఊరంతా గొంతెత్తి పాడుతుంటే ఆవిడ మాత్రం నోరు విప్పేది కాదు. ఇంట్లో ఉంటే వీధి చివరికి వినబడే గొంతు చర్చిలో మూగబోయేది. ఏటమ్మా పాడవు అంటే, "దేవుడికి నా పొగ గిట్టకపోతే దగ్గేవోడు కదే" అనేది.

అందుకని భావనపాడు ముసలమ్మతో ఖచ్చితంగా చెప్పాను. "చుట్ట మానెయ్యాలి. ఊపిరితిత్తులు శుభ్రపడాలి. లేకపోతే మత్తులో ఊపిరందక చస్తావు."

"అలాగేలెయే, మానీస్తాను."

"ఒట్టెయ్యి."

"మళ్లీ ఒట్టెందుకే, సెప్పినాను కదా."

అప్పుడే అనుమానించాల్సింది. వారం గడిచినా పిల్లికూతలు తగ్గలేదు. పాత దగ్గు కదా, మెల్లగా తగ్గుతుందిలే అని సరిపెట్టుకున్నాను. మంగళవారం సాయంత్రం విన్నప్పుడు కొంచెం నయంగానే ఉంది, లేక నయంగా ఉండాలని నాకు ఉండడం వల్ల అలా వినిపించిందో.

బుధవారం పొద్దున్న ఆవిడకి నోట్లో తడి తగ్గించే ఇంజెక్షను ఇచ్చాం, మత్తులో ఉమ్మి గొంతుకి అడ్డుపడకుండా. ట్రాలీ మీద థియేటరుకి తెచ్చారు. దుప్పటి ముక్కు దాకా లాక్కుని పడుకుంది. పక్క గదిలో సర్జనుగారు చేతులు కడుక్కుంటున్న నీళ్ల చప్పుడు. నేను ముసుగు సిద్ధం చేసుకున్నాను. ఈథరు సీసా చేతిలోకి తీసుకున్నాను, మూత ఇంకా తియ్యలేదు.

"అమ్మా, భయంగా ఉందా?" అన్నాను.

లేదన్నట్టు తలూపింది.

"పొద్దున్న ఏమైనా తిన్నావా?"

మళ్లీ లేదన్నట్టే తలూపింది.

సర్జనుగారు చేతులు పైకెత్తుకుని వచ్చేశారు. "ఇంకా మొదలుపెట్టలేదేమ్మా?"

నా చేయి కదల్లేదు. ఏదో తేడా. ఏటది? వారమంతా వార్డుని ఊపేసిన మనిషి, నన్ను గుంటా అనకుండా ఒక్క పూట ఉండని మనిషి, తల మాత్రమే ఊపుతోంది. మూతికి అడ్డంగా దుప్పటి. మా చర్చిలో చివరి బల్ల కళ్ల ముందుకొచ్చింది.

"మొదలుపెట్టమన్నానా!" అన్నారాయన.

సీసా తీసుకెళ్లి దూరంగా కిటికీ అవతల గట్టు మీద పెట్టేశాను. తిరిగొచ్చి దుప్పటి లాగాను. "నోరు తెరువు."

అడ్డంగా తలూపింది.

"తెరుస్తావా, నన్ను తెరవమంటావా?"

తెరిచింది. నాలిక మీద ఎర్రగా నిప్పు. చుట్ట ముక్క చిన్నదే, పుల్లలా మిగిలింది, దాని కొసన మాత్రం నిప్పు కణకణలాడుతోంది. నిప్పు సోకితే పేలే ఆ ఈథరు దాని మీద పడి ఉంటే ఆవిడా, నేనూ, ఆ బంగారం లాంటి చేయీ అందరం కలిసి పైకి పోయేవాళ్లం. నర్సమ్మ కెవ్వుమంది. సర్జనుగారు రెండడుగులు వెనక్కి వేసి గోడకి ఆనుకున్నారు.

"ఓలమ్మో, అలాగ సూడకండర్రా!" అంది ముసలమ్మ, చుట్ట ముక్క నా చేతిలోని గిన్నెలో పడేసి. "ఆ సూదేసిన కాడి నుంచి నోరెండిపోయి సచ్చిపోతన్నాను. మా కోడలు ఎలిగించిచ్చినాది. మిగిలినది కాత్త అయిపోనిచ్చి పడుకుందునే!"

సర్జనుగారు తేరుకున్నారు. "సరే, నిప్పు పోయింది కదా. ఇప్పుడు మొదలుపెట్టు."

స్టెతస్కోపు పెట్టాను. లోపల పిల్లుల సంత. వారం రోజులుగా ఈ మనిషి ఒక్క పూట కూడా మానలేదు. ఈ ఊపిరితిత్తుల్లోకి ఈథరు పంపితే దగ్గి దగ్గి, గొంతు బిగుసుకుపోయి, కడుపు తెరిచి ఉండగా చేతుల్లోనే పోతుంది.

"ఇవాళ ఇవ్వను సార్."

"శనివారం సంగతి గుర్తుందా?"

"ఉంది."

"రేపట్నుంచి నేనుండను."

"తెలుసు సార్. అయినా ఇవ్వను."

ఆయన గ్లౌజులు విసిరేసి వెళ్లిపోయారు. తలుపు టపటపా కొట్టుకుంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది.

"నా వల్ల నీ సదువు పాడైపోనాదేటే గుంటా?" అంది ముసలమ్మ, గొంతు తగ్గించి.

"పోయింది! మొత్తం పోయింది! తృప్తిగా ఉందా?" అని థియేటరు దద్దరిల్లేలా అరిచాను. ఆవిడ నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. వార్డుకి తీసుకెళ్లాక దిండు కింద నుంచి మిగిలిన చుట్టలన్నీ తీసి నా ఒళ్లో పడేసింది. "గంగమ్మ తల్లి మీద ఒట్టు, ఇంక ముట్టను" అంది. ఈసారి నేను అడగలేదు.

సాయంత్రం బంట్రోతు వచ్చి సర్జనుగారు రమ్మంటున్నారన్నాడు. చివాట్లకి సిద్ధపడి వెళ్లాను.

"ఎలా తెలిసింది నీకు?" అన్నారు.

"మా అమ్మమ్మ అడ్డపొగ తాగుతుంది సార్. చర్చిలో కూడా."

"చర్చిలోనా?"

"దీర్ఘ ప్రార్థనలో."

చివరి బల్ల కథంతా చెప్పాను. పెళ్లి పనుల హడావుడిలో ఉన్న ఆ మనిషి కళ్లజోడు తీసి తుడుచుకుని తుడుచుకుని నవ్వారు. తర్వాత కలం తీశారు. రాస్తూ రాస్తూ ఆగి, "నేను మొదలుపెట్టమంటే ఇన్నేళ్లలో ఎవరూ వద్దనలేదమ్మా" అన్నారు. "అందరూ మొదలుపెట్టారు. కొందరు లేవలేదు." సంతకం పెట్టి, ముద్ర ఆయనే వేసి, కాగితం నా చేతికిచ్చారు. నేను థాంక్స్ అన్నానో లేదో కూడా గుర్తులేదు. బయటికొచ్చి పకోడీలావిడ దగ్గర అరవీశెడు కట్టించుకుని వార్డంతా పంచాను, ముసలమ్మకి తప్ప. ఆవిడకి దగ్గుమందు పోశాను.

పెళ్లి చేసి సర్జనుగారు తిరిగొచ్చేసరికి ముసలమ్మ ఊపిరితిత్తులు చక్కబడ్డాయి. ఆ రోజు ఆవిడ తల దగ్గర కూర్చుని చుక్కలు వేశాను. గడ్డ బూడిదగుమ్మడికాయంత ఉంది. కుట్లు పడ్డాక కళ్లు తెరిచి, "ఏదీ నా సుట్ట?" అంది.

"లేదు."

"అయితే మళ్లీ పడుకోబెట్టీ."

నాకు సీటు వచ్చిందని ముందే చెప్పేస్తున్నాను, రాకపోతే ఇదంతా ఇంత సంబరంగా ఎందుకు రాస్తాను? కానీ ఇంటర్వ్యూకి ముందు అదేం తెలియదు కదా. సోమవారం ఇంటర్వ్యూ అనగా శనివారం కోటబొమ్మాళిలో రైలు దిగాను. సంగతంతా చెబితే అమ్మమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. "పెద్ద డాక్టరు కాడ నా పరువు తీసీసినావేటే! మనవరాలివి గావు, పగదానివి!" అని రాత్రి అన్నం కూడా తినలేదు. మా నాన్న మధ్యలో దూరి, "సీటొస్తే పెళ్లి ఇంకో రెండేళ్లు వాయిదా" అని గొణిగాడు. ఆయన మీదా అరిచింది. "దాని సదువు అవ్వనీవయ్యా ముందర!"

ఆదివారం చర్చిలో పాస్టరుగారు నా ఇంటర్వ్యూ కోసం ప్రార్థన చేశారు. దీర్ఘంగానే చేశారు. అమ్మమ్మ పక్కనే కూర్చున్నాను గానీ, పొగ కనబడుతుందని అటు చూడలేదు. తర్వాత అందరం పాటకి లేచాం. మొదటి చరణంలోనే నా చెవి పక్క నుంచి బొంగురు గొంతు ఒకటి, రాగం ఎటుపోతే తను ఇంకోవైపు పోతూ, గట్టిగా వచ్చింది. ముందు బల్లల వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. పాస్టరుగారు పాట మరిచిపోయారు.

చెంగు భుజం మీద ఉంది. నోరు బారెడు తెరిచి ఉంది. లోపల రెండు మూడు పళ్లు తప్ప ఏమీ లేదు. నాకు కళ్ల నీళ్లాగలేదు.

చరణానికీ చరణానికీ మధ్య నా వైపు తిరిగింది. "ఏటలాగ సూస్తావు? పాడు" అంది.