ఆర్కిటిక్‌లో గీజరు ఆపిన మాస్టారు

ఉన్న చలి చాలదన్నట్టు ఆర్కిటిక్‌ను ఒక్క వేలితో గడ్డకట్టించిన ఘనుణ్ణి నేను. అది ఎప్పుడూ గడ్డకట్టే ఉంటుంది కదా అంటారేమో. వినండి మరి.

నేను కువైట్‌లో సైన్సు మాస్టారిని. ఇక్కడ ఎండాకాలం మేడ మీది ట్యాంకు నీళ్లతో టీ కాచుకోవచ్చు. అందుకని గీజరు ఆపేసి, నీడపట్టున అందులో నిలవుండి చల్లారిన నీళ్లతో స్నానం చేస్తాం. చల్లనీళ్లు వేడినీళ్ల కుళాయిలోంచి వస్తాయన్నమాట. బాత్రూములో అడుగు పెట్టగానే ఎర్రలైటున్న స్విచ్చు ఆపేయడం నా చేతికి అంత అలవాటు.

ఒక ఏడాది సెప్టెంబరు ఆఖరులో ఏడో తరగతి పిల్లల్ని ప్రయోగాల కోసం నార్వే ఉత్తరపు కొసకు తీసుకెళ్లాం. చలి కోసం మొహం వాచిపోయి ఉన్నాను. విమానం దిగగానే నోరు తెరిచి గాలి మింగాను. మొదటిరోజే పిల్లలు కుంట మీది మంచు పగలగొట్టి సీసాల్లో నీళ్లు పట్టారు. అందులో కంటికి ఆనని జీవాలుంటాయి, మర్నాడు మైక్రోస్కోపులో చూడాలి. రాయచోటి పిల్ల రేష్మా అయితే, కువైట్‌లోనే దజీజ్ అనేచోట గోడౌనులో పనిచేసే వాళ్ల నాన్నకు వాటి వీడియో పంపిస్తానని మాటిచ్చి వచ్చింది. సీసాను కిటికీలో పెట్టి కాపలా కాసింది.

సాయంత్రం స్నానానికి వెళ్లాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు; కువైట్‌లో వచ్చిన బుద్ధి నాతోపాటు విమానమెక్కింది. అడుగు పెడుతూనే ఎర్రలైటు ఆర్పేసి, హాయిగా స్నానం చేసి పడుకున్నాను. ఆ స్విచ్చు మా బస మొత్తానికి వెచ్చదనమిచ్చే బాయిలరుదట.

పొద్దున్నే కుళాయిలో చుక్క లేదు. పిల్లలు కోట్లు, టోపీలతో సహా దుప్పట్లలో దూరి ఉన్నారు. రేష్మా సీసాలో నీళ్లు రాయిలా బిగుసుకున్నాయి.

"ఖలాస్ సార్. మా నాయనకు ఏం చూపించేది?" అంది.

నాకు ఏడుపొచ్చింది. కువైట్ మరిగే నీళ్ల మీద అంత బెంగ ఎన్నడూ పెట్టుకోలేదు. ఆ పిల్ల మాత్రం సీసాను కోటు లోపల దాచుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంది. కరిగాక ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టింది.

"సార్, కదలతాండాది. మీకన్నా గట్టిది ఇది."

అక్కడి జీవాలు గడ్డకట్టినా చావవని క్లాసులో పాఠం చెప్పింది నేనే లెండి.

తర్వాత రేష్మా వాళ్లు కువైట్ వదిలి ఊరెళ్లిపోయారు. ఆ పిల్ల కూర్చున్న బెంచీ చూస్తే ఇప్పటికీ మనసు ఉసూరుమంటుంది. పోయిన డిసెంబరులో మెసేజ్ పెట్టింది: "సార్, రాయచోటిలో శానా చలిగా ఉండాది. మీరేమన్నా వచ్చినారా?"

రావాలనే ఉంది తల్లీ. అందాకా పంచభూతాల సాక్షిగా ఒట్టు: ఎర్రలైటు వెలిగే స్విచ్చు జోలికి పోను. ఈ జూన్‌లో కూడా పోలేదు. ఒళ్లు బొబ్బలెక్కుతోంది, అంతే.