పీకిన పదకొండు మొక్కలు

వరి మొక్కను పీకినప్పుడు వేళ్ల నుంచి లేచే బురద వాసనకు నాకు ఇప్పటికీ భయమేస్తుంది. వెంటనే అనసూయ మేడం గుర్తొస్తారు. జగిత్యాలలో నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఆమె మాకు జన్యుశాస్త్రం చెప్పేవారు. కోరుట్ల మనిషి. తరగతిలో కంటే పొలం గట్టు మీదే ఎక్కువగా కనిపించేవారు.

మాది సిరిసిల్ల. నాన్న సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాడు. బట్టలో ఒక్క పోగు తేడాగా కనిపించినా సాంచె ఆపి సరిచేసేదాకా ఆయనకు మనసొప్పేది కాదు. ఆ చూపే నాకూ వచ్చింది. నా పరిశోధన కోసం రెండు వరి రకాలను కలిపి, వాటి రెండో తరాన్ని నాటాం. ఒకరోజు పొద్దున్నే మేడం కంటే ముందు మడిలోకి దిగాను. కొన్ని మొక్కలు గిడసబారి, కొన్ని ఊదారంగు కాడలతో ఎబ్బెట్టుగా కనిపించాయి. విత్తన పొలాల్లో కేళీలను, అంటే వేరు రకం మొక్కలను ఏరేసినట్టే, వాటిని పీకి గట్టు మీద పడేశాను. పదకొండోది చేతిలో ఉండగా తట్టింది. రెండో తరంలో మొక్కలు వేరువేరుగానే ఉంటాయి. వాటిని గింజ పట్టేదాకా చూసి లెక్కించడమే నా పరిశోధన.

గట్టు మీది పదింటినీ మళ్లీ మడిలోకి లాగాను. బురదలో తొక్కేస్తే ఎవరికీ తెలియదు. కాలు ఎత్తాను కూడా. అంతలో వెనక నుంచి మేడం గొంతు.

"చేతిల ఏంది బిడ్డా?"

"కేళీలనుకొని పీకిన మేడం. పదకొండు."

"మరి కాలెందుకు లేపినవ్?"

కాలు మెల్లగా దించాను.

"సిరిసిల్లోళ్లకు పొలమంత ఒక్క బట్టతాను లెక్క కనబడాలె," అన్నారు. నవ్వలేదు. "రిజిస్టర్ల రాయి. పెన్నుతోని. నేనే పీకిన అని రాయి."

"డిగ్రీ పోతది మేడం."

"పోతే పోనీ. దొంగ లెక్కతోని వచ్చిన డిగ్రీ పట్టుకొని రైతుకు విత్తనం ఎట్ల ఇస్తవ్?"

పదకొండింటినీ కుండీల్లో నాటాం. నాలుగే బతికాయి. మౌఖిక పరీక్ష రోజు బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి సరిగ్గా రిజిస్టర్లో నేనది రాసిన పేజీ దగ్గరే ఆగాడు. "లెక్కలో లేని ఏడు మొక్కలూ ఏమయ్యాయి?"

"నేనే పీకాను సార్."

మేడం వైపు చూశాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఇంకో పంట వేసి లెక్క చూపమన్నాడాయన. డిగ్రీ ఆరు నెలలు వెనక్కి పోయింది. ఆ పంట మొత్తం మేడం రోజూ పొద్దున నాతో పాటు మడిలోకి దిగారు. మొక్కలు పీకిన సంగతి మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు.

ఇప్పుడు కొత్త రకాల ఎంపికే నా ఉద్యోగం. వింతగా కనిపించే మొక్క ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను. ఎందుకు వేరుగా ఉందో తెలిసేదాకా భయమే. ఆ భయం పోవాలని కోరుకోవడం ఎప్పుడో మానేశాను.