వేరు పట్టిన గడ్డి

ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నానంటే మీరు పెద్ద నేరాన్నే ఊహిస్తారు. నేను చేసినది ఒక నీటి వాల్వును మూయడం. తర్వాత ఒక అబద్ధం చెప్పడం. రెండింటికీ కలిపి పెద్ద శ్రమ పడలేదు.

ఎవరికైనా చెప్పాలని ప్రతి ఎండాకాలం అనుకుంటాను. చెప్పను. ఆదివారం చర్చిలో అందరం కలిసి పలికే ఒప్పుకోలు ప్రార్థనలో నేనూ గొంతు కలుపుతాను. అంతమంది పాపాల మధ్య నాది విడిగా ఎవరికీ వినబడదు. బహుశా అందుకే ఆ ప్రార్థన నాకు అంత సులువుగా వస్తుంది. మీరు నాకు తెలియనివారు. మీకు విడిగా చెబుతాను.

మాది గోదావరిఖని దగ్గర గని కార్మికుల క్వార్టర్లు. నాన్న గుమాస్తా. నేను అప్పుడు డిగ్రీ చివరి ఏడాదిలో, కాలేజీ డిబేటు జట్టులో ఉన్నాను. ఆధారం లేని మాట అనకూడదని, అన్న మాట నుంచి వెనక్కి పోకూడదని అక్కడ నేర్చుకున్నాను. మొదటిది మంచి నియమం. రెండోదాన్ని నేను ఎక్కువగా నమ్మాను.

మా క్వార్టర్ల మధ్య ఒక ఖాళీ స్థలం ఉండేది. బొగ్గు దుమ్ము పట్టిన నేల. పిల్లలు ఆడుకుని నల్లటి పాదాలతో ఇళ్లకు వచ్చేవారు. అక్కడ పచ్చిక పరచాలని కాలనీ కమిటీ తలపెట్టింది. మట్టితో సహా కోసి, చాపల్లా చుట్టి, లారీలో తెచ్చే గడ్డి అది. ఏ గడ్డి తేవాలో నన్ను కనుక్కోమన్నారు. చూడటానికి మెత్తగా ఉండే మెక్సికన్ రకం వద్దని, మన గరిక జాతికి చెందిన బెర్ముడా రకమే ఈ ఎండను తట్టుకుంటుందని వాదించాను. ఒప్పుకున్నారు. అక్కడితో ఆగలేదు. మే నెలలో పరచవద్దని, రోహిణి కార్తె దాటి తొలి వానలు పడేదాకా ఆగాలని అన్నాను. కోసిన గడ్డికి వేరు ఉండదు, కొత్త వేరు దిగేదాకా అది నీటి మీదే బతుకుతుంది, మా రామగుండం ఎండలో ఒక్క పూట నీరు తప్పినా మాడిపోతుంది. ఇదీ నా వాదం. ఈరోజుకీ అందులో తప్పు కనబడదు.

దానికి అడ్డుపడినవాడు రాజేశం కాక. మా క్వార్టర్ల వరసలోనే ఉంటాడు, మా అందరికీ కాక, అంటే బాబాయి. భూమి లోపల పంపు నడిపి రిటైరైన మనిషి. ఆయన వాదించలేదు. పిల్లల సెలవులు అయిపోయినంక గడ్డి ఎవరికని అడిగాడు, నీళ్ల సంగతి తాను చూసుకుంటానన్నాడు. కమిటీ సభ ఆ మాటకే తలూపింది. అధ్యక్షుడు నవ్వి, "ఇది మీ కాలేజీ డిబేటు కాదమ్మా, గడ్డి," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు మనసులో మిగిలిపోయింది.

గడ్డి వచ్చింది. చుట్టలు లోలోపల ఉడికిపోకుండా లారీలో తడి గోనెలు కప్పి తెచ్చారు. ముందే నేలను తవ్వి, తడిపి, చదును చేసి ఉంచాం. ఎండ వాలాక చాపలను అంచుకు అంచు ఆనించి పరిచాం. నేలకు గట్టిగా అంటుకోవాలని రాజేశం కాక వాటి మీద రోలరు నడిపించాడు. బాయిలోంచి, అంటే గనిలోంచి, తోడిపోసే నీళ్లు పైపులో రోజూ కొంతసేపు వచ్చేవి. ఆయన గొడుగు పట్టుకుని అక్కడే కూర్చునేవాడు. నేనూ వెళ్లేదాన్ని. సాయం చేయడానికే వెళ్లానా, ఆయన ఓటమి ఎప్పుడు మొదలవుతుందో చూడటానికా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

కొన్ని రోజుల తర్వాత, ఎవరూ లేనప్పుడు, ఒక చాప మూలను పైకి లాగాను. అది లేవలేదు. ఇంకొంచెం బలంగా లాగితే మట్టి పట్టుకుని వచ్చింది. అడుగున సన్నగా, తెల్లగా కొత్త వేర్లు. గడ్డి బతుకుతోంది. మే నెలలో, ఆ ఎండలో, ఒక ముసలాయన పోసిన నీళ్లతో.

సంతోషించాల్సిన చోట నాకు ఏమీ అనిపించలేదు. మూలను తిరిగి నొక్కి ఇంటికి వచ్చాను.

అదే వారం కాకకు జైపూర్ వైపు బంధువుల ఇంట్లో చావు పడింది. రెండు రోజులు అక్కడే ఉండాలి. ఇక్కడ ఆయన అలవాటు ఒకటి మీకు చెప్పాలి. బాయిలో షిఫ్టు మారేటప్పుడు పంపు దగ్గరి మనిషి దాని స్థితిని నోటితో చెప్పి అప్పజెప్పేవాడట. వచ్చినవాడు అదే మాటను తిరిగి అనాలి. అన్నాకే మొదటివాడు అక్కడి నుంచి కదలాలి. పంపు ఆగితే నీళ్లు ఊరతాయి, కింద మనుషులు ఉంటారు. రిటైరైనా ఆయన ఆ పద్ధతి వదల్లేదు. ఉప్పు డబ్బా ఇచ్చినా తిరిగి చెప్పాలె ఈయనకు అని ఆయన భార్య ఎగతాళి చేసేది.

బస్సుకు పోతూ మా గుమ్మం దగ్గర ఆగాడు. వాల్వు సగం తిప్పి తెరిచి పెట్టానని, పైపులో నీళ్లు వచ్చినప్పుడల్లా వాటంతట అవే పారతాయని, పొద్దున, మాపు ఒకసారి చూస్తే చాలని చెప్పి అప్పజెప్పాడు. వాల్వు సగం తిప్పి ఉంది, నీళ్లు పారుతయి, నేను చూసుకుంటనని తిరిగి అన్నాను. ఆయన తలూపి కదిలాడు.

ఆ సాయంత్రం వెళ్లి వాల్వు మూశాను.

కోపంతో చేశానని చెప్పగలిగితే బాగుండును. కోపం లేదు. చేతికి ఇనుము వేడిగా తగిలింది, అంతే గుర్తు. నా వాదం సరైనదని నాకు తెలుసు, దానికి నిరూపణ ఒక్కటే తక్కువైంది, ఆ నిరూపణను నా చేతులతో తయారుచేశాను. ఎదుటి జట్టు ఎవరైనా ఈ పని చేసి ఉంటే నేను ఏమనేదాన్ని?

కాక తిరిగి వచ్చేసరికి పచ్చిక ఎండుగడ్డి రంగుకు తిరిగింది. చాపల అంచులు ముడుచుకుని మధ్యలో సందులు తేలాయి. నలుగురూ చేరారు. ఆయన వాల్వును పట్టుకుని చూశాడు. మూసి ఉంది. నా వైపు తిరిగాడు.

"బిడ్డా, వాల్వు ఇడిచి పెట్టిన అని నీకు అప్పజెప్పిన గదా?"

"లేదు కాకా. నువ్వు నాకేం చెప్పలేదు. చావింటి తొందరల మరిచిపోయినవేమో."

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. ఉండి ఉంటే నేను తట్టుకునేదాన్ని. అనుమానానికి జవాబు చెప్పడం నాకు తెలుసు.

"నువ్వు అబద్ధమాడవు," అన్నాడు. "అంటె నాకే తప్పింది."

అప్పటిదాకా నేను చంపినది గడ్డిని మాత్రమే. నా అబద్ధంతో ఆయనకు తన మీద ఉన్న నమ్మకం పోయింది. సర్వీసంతా ఒక్క అప్పగింత కూడా మరిచిపోని మనిషి, జరగని సంభాషణను తాను ఊహించుకున్నానని నమ్మాడు. తన జ్ఞాపకానికీ నా మాటకీ మధ్య నా మాటను ఎంచుకున్నాడు. ఎందుకంటే నేను నిజమే మాట్లాడతానన్న పేరు నాకు ఉంది.

ఆ తర్వాతివి పెద్ద సంఘటనలేమీ కావు. మనుమరాలిని సైకిల్ మీద బడికి తీసుకుపోయే పనిని ఆయన తనంతట తానే మానేశాడు. మతి తప్పినోని చేతుల పిల్లను పెట్టొద్దని కోడలితో అన్నాడట. ఆయనకు ఆ ప్రయాణం ఎంత ఇష్టమో మా వరస మొత్తానికి తెలుసు. కొడుకు కరీంనగర్ తీసుకుపోయి డాక్టరుకు చూపించాడు, ఏమీ లేదన్నారు. ఆయన ఆ మాటనూ నమ్మలేదు. మూలమలుపు దగ్గర కుర్రాళ్లు, చెప్పులు ఏసుకున్నవా కాకా అని అడిగేవారు. ఆయన వంగి కాళ్లు చూసుకునేవాడు. ఆటపట్టిస్తున్నారని తెలిసి కూడా చూసుకునేవాడు.

వానలు పడ్డాక కొత్త గడ్డి తెచ్చారు. బాగా పట్టింది. అమ్మాయి ముందే చెప్పింది, మనమే వినలేదు అని అధ్యక్షుడు సభలో అన్నాడు. చప్పట్లు కొట్టారు. లేచి నిలబడ్డాను.

ఎందుకు చెప్పలేదు? చెబితే ఈ వయసులో ఆయన మనసు విరుగుతుందనేది నా మొదటి వాదం. విరగడానికి ఇంకేం మిగిలింది అని నేనే దాన్ని కొట్టేయగలను. కాలం గడిచింది, ఇప్పుడు ఆయన నిజంగానే కొన్ని మరిచిపోతున్నాడు, తేడా ఏముంది అనేది రెండోది. అది మరీ నీచం. నన్ను నేను ఇంతకంటే తెలివిగా సమర్థించుకోగలను కూడా. అందుకే ఆపుతున్నాను.

అన్నిటికంటే చెప్పలేనిది ఒకటి ఉంది. ఆయనకు ఏదైనా సందేహం వస్తే నా దగ్గరికే వస్తాడు. భార్య దగ్గరికి కాదు, కొడుకు దగ్గరికి కాదు. నాకు ఇది చెప్పినవా బిడ్డా, నేను నీకు అది ఇచ్చిన్నా అని అడుగుతాడు. ఈ ఎండాకాలం ఒక మధ్యాహ్నం, పెద్దపల్లి పోయేముందు, పొద్దున ఇంటి తాళంచెవి నాకు ఇచ్చినట్టున్న గుర్తు నిజమో కాదో కనుక్కోవడానికి వచ్చాడు. ఇచ్చినవ్ కాకా, నీకు గుర్తున్నదే నిజం అన్నాను. ఆయన ముఖం విప్పారింది. అంత చిన్న మాటకు. కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగి, నువ్వు ఉన్నవ్ గాబట్టి నాకు ఫికర్ లేదు బిడ్డా అని చెప్పి వెళ్లిపోయాడు.

నేను ఆ కుర్చీని చూస్తూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు. వస్తుందని ఎదురుచూశాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇవ్వగలిగింది కాదు. ఆయన ఇల్లు మా వరస చివర ఉంది. నిజం చెప్పడానికి అక్కడిదాకా నేను ఇంకా నడవలేదు, రేపు నడుస్తానని మాట ఇచ్చేంత నమ్మకం నా మీద నాకు లేదు. ఇంతవరకు ఏ కాగితం మీదా పెట్టని మాట మాత్రం ఇక్కడ పెడుతున్నాను. రాజేశం కాక ఏదీ మరిచిపోలేదు. అబద్ధమాడింది నేను.

రాశాక ఊపిరి కొంచెం లోతుగా ఆడుతోంది. అంతే.