మా ఇంటి బాబాయ్

మా నాన్నను నేనెప్పుడూ నాన్నా అని పిలవలేదు. ఊళ్లో అందరికీ ఆయన బాబాయ్. నాకు ఊహ తెలిసేసరికే పొద్దున లేస్తే గుమ్మంలో ఎవరో ఒకరు "బాబాయ్, ఉన్నావా?" అని కేకేసేవారు. అదే నా నోటికీ పట్టేసింది. అమ్మ సరిదిద్దబోతే "పోన్లేవే, పిలవనీ, ముద్దుగా ఉంది" అన్నాడట ఆయన. ఉన్నది నేనొక్కదాన్నే, నన్ను దిద్దకపోతే ఇంకెవర్ని దిద్దుతారు? ఇప్పుడు కాగితం మీద నాన్న అని రాయగలుగుతున్నాను గానీ నోటితో అనాలంటే ఈనాటికీ రాదు.

పత్తి మిల్లులో కాటా గుమాస్తా ఆయన. సాయంత్రం డ్యూటీ దిగాడంటే ఇంటికి కాదు, మిల్లు వెనకున్న కబడ్డీ కోర్టుకే, కుర్రాళ్లకు ఆట నేర్పడానికి. మిరప కోతల రోజుల్లో ఊళ్లో ఖాళీ జాగా ఎక్కడున్నా కాయలు ఆరబోస్తారు. ఎవరైనా తెలియక కోర్టులో పోస్తే ఆయన కోప్పడేవాడు కాదు. తనే దగ్గరుండి కాయలన్నీ పక్కకు నెట్టించి, ఆ రైతు ఇంట్లోనే కాఫీ తాగి వచ్చేవాడు. ఎవరింట్లో పెళ్లయినా పందిరి దగ్గర ఆయనే, ఎవరికి రక్తం కావాలన్నా ముందు చెయ్యి చాపేది ఆయనే.

నాకు ఒళ్లు మండేది. ముఖ్యంగా ఆ కబడ్డీ కుర్రాళ్లలో ఒకడి మీద. నాకంటే రెండేళ్లు చిన్న, కూతకు వెళితే ఇద్దర్నో ముగ్గుర్నో అవుట్ చేసిగానీ తిరిగి రాడు. వాడి చీలమండ బెణికితే నాన్న మా వంటింట్లో నువ్వుల నూనె కాచి పట్టుకెళ్లి వారం రోజులు మర్దనా చేశాడు. అదే నెలలో నేను సైకిల్ మీంచి పడి మోచెయ్యి చెక్కుకుపోయి వస్తే, "ఏం కాలేదులే, లే" అని విజిల్ మెళ్లో వేసుకుని వెళ్లిపోయాడు. నేనూ ఆడతానంటే "మోకాళ్లు పగులుతాయమ్మా" అన్నాడు. వాళ్ల మోకాళ్లు పగల్లేదా? పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. వాడు పుల్లకూర, నేను రోజూ ఉండే పప్పు.

నా పెళ్లిచూపులకీ ఆలస్యంగానే వచ్చాడు. కోర్టుకి గీతలు గీస్తూ ఉండిపోయాడట. మోచేతుల దాకా పిడుగురాళ్ల సున్నంతో వచ్చి మగపెళ్లివారి మధ్య కూర్చున్నాడు. సంబంధం తప్పిపోయిందనుకుని నేను లోపల ఏడుపు మింగుకుంటుంటే, అరగంటలో వాళ్లంతా ఆయన చుట్టూ చేరి నవ్వుతున్నారు. నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లు ఆయన్ని చూసి వెళ్లారు. పెళ్లయ్యాక మా ఆయన కూడా అత్తారింటికి వస్తే కోర్టు దగ్గరే ఉండేవాడు.

పోయినేడు ఆయనకి గుండెపోటు వచ్చింది. గుంటూరు ఆసుపత్రిలో చేర్చారంటే మా అత్తారి ఊరు వినుకొండలో బస్సెక్కి పరిగెత్తాను. ఐసీయూ ముందు మా ఊరు సగం ఉంది. అమ్మ మందుల కోసం కిందికి వెళ్లింది. తలుపు దగ్గర సెక్యూరిటీ అతను "ఎవరు కావాలమ్మా?" అన్నాడు.

"మా బాబాయ్‌ని చూడాలండీ."

"బాబాయిలు, పెదనాన్నలు అంటే కుదరదమ్మా. కొడుకులూ కూతుళ్లకే."

"నేను కూతుర్నేనండీ!"

"ఇప్పుడేగా బాబాయ్ అన్నారు! పొద్దుట్నుంచి ఈయనకి తొమ్మిదిమంది కొడుకులొచ్చారు. ఇప్పుడు మీరొకరా?"

మా నాన్నే అని చెప్పబోయాను. అలవాటు లేని మాట, గొంతు దాటి రాలేదు. అంతలో నర్సు తలుపు తీసి, "పొద్దున సంతకం పెట్టిన వాళ్లబ్బాయి ఎక్కడండీ? ఊపిరికి గొట్టం వెయ్యాలి, త్వరగా రమ్మనండి" అంది. నాన్నను బండిలో వేసుకొచ్చి చేర్పించింది ఆ చీలమండ బెణికినవాడే, కొడుకునని సంతకం పెట్టిందీ వాడే. ఆ మూల నుంచి పరిగెత్తుకొచ్చి, నన్ను చూడనైనా చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు.

అమ్మ వచ్చి సెక్యూరిటీ అతన్ని దులిపేసి నన్ను లోపలికి పంపేసరికి గొట్టం వేసేశారు. ఆ తర్వాత ఆయన కళ్లు తెరవలేదు. మూడో రోజు పోయాడు.

ఆ మొదటి రోజే, నేను బయటికి వచ్చాక, వాడు వరండాలో నా పక్కన కూలబడ్డాడు.

"అక్కా, గొట్టం వేసేముందు నిన్నే అడిగాడు. అమ్మాయి వచ్చిందేంట్రా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"వస్తంది నాన్నా, దార్లో ఉంది అన్నా."

"నాన్నా అన్నావా?"

"నర్సు పక్కనే ఉంది గదక్కా. బాబాయ్ అంటే బయటికి పంపిద్దని..."

వాడు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. నాకు ఏడుపు రాలేదు, కడుపు మండింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, ఇప్పటికీ మండుతూనే ఉంది. వాడు ఇంటికొస్తే కాఫీ ఇస్తాను, పిల్లల గురించి అడుగుతాను. కానీ మా నాన్నను నాన్నా అని పిలిచినవాడు ఈ భూమ్మీద వాడొక్కడే.