ఘాటు తగ్గని డబ్బీ

పేరున్న నగల దుకాణాలు ఒకప్పుడు చేసిన బంగారు డబ్బీలు పోగేయడం నా పిచ్చి. నక్సలైట్లకు జడిసి దొరలు ఊళ్లు విడిచి పట్నాలకు పారిపోతున్న ఆ ఏళ్లలో, మొగుళ్లపల్లి దగ్గరి గడీలో ఒక దొరసాని నాకు ముక్కుపొడి డబ్బీ చూపింది. అడుగున విలాయతి నగల దుకాణం ముద్ర ఉంది.

"దొర పోయి ఏడాదాయె. నీకెంత తోస్తే గంతియ్యి," అంది.

బేరమాడనివాళ్లంటే దుకాణంలో పెరిగిన నాకు భయం. మూత తీశాను. పొడి తడి ఇంకా ఆరలేదు, ఘాటు నషాళానికెక్కింది. ఏడాది కిందటిది కాదు. ఆమె మూసి ఉన్న గది వైపు చూసి, నా వైపు చూసింది.

"ఎవలకు చెప్పకు బిడ్డా."

"కొన్న ధరనే ఎవలకు చెప్పనోణ్ణి, గిది చెప్తనా దొరసాని?" అని, డబ్బిచ్చి డబ్బీ జేబులో వేసుకున్నాను.

గేటు బయట ఇద్దరు కొత్తవాళ్లు నన్ను ఆపారు. "లోపల ఎవలున్నరే?"

"దొరసాని ఒక్కతే అన్నా," అంటుండగానే నాకు తుమ్మొచ్చింది. ఒకడు నా జేబు తడిమి, డబ్బీ తీసి వాసన చూశాడు.

"గీ ముక్కుపొడి ఎవలది?"

"నాదే," అన్నాను, బేరంలో పెట్టే మొహమే పెట్టి.

"అలవాటున్నోడు తుమ్మడు సేటు," అంటూ అతను గేటు తోశాడు.