తిరువూరులో గుప్పెడు బియ్యం

తిరువూరు వెళ్ళాలని నాకేమీ సరదా పుట్టలేదు. మా చర్చిలో స్త్రీల కూడిక జరిగినప్పుడల్లా సాక్ష్యం చెప్పేది నేనే. మైకు అందితే అరగంటకు తగ్గను. ఈసారి పాస్టరమ్మగారు, "మీ తోడికోడలు సుగుణ చేత చెప్పిద్దామండి. అన్ని కష్టాల్లో ఎలా నిలబడిందో అందరూ వినాలి. మీరే వెళ్ళి పిలవండి" అన్నారు. సుగుణ మా మరిది భార్య. మరిది పక్షవాతంతో మంచాన పడి రెండేళ్ళయింది. "అలాగేనండి" అని నవ్వాను గానీ, అది రానంటే బాగుండునని కోరుకుంటూనే బయలుదేరాను.

ఉదయం ఆరున్నరకు విజయవాడ బస్టాండులో బస్సెక్కాను. ఆడవాళ్ళకు ఇప్పుడు ఛార్జీ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తాడు. అందుకే సీటు దొరకడం గగనం. వెళ్ళదలచినవాళ్ళు కాస్త ముందే వెళ్ళి ఎడమవైపు కూర్చోండి, పొద్దుటి ఎండ తగలదు.

నా పక్కన మైలవరంలో దిగే ఆవిడ కూర్చుంది. కొండపల్లి దాటగానే అలవాటు కొద్దీ సంచిలోంచి కరపత్రం తీసి చేతిలో పెట్టి, ప్రభువు గురించి మొదలుపెట్టాను. "బాగా చెప్తున్నారండి" అని ఆవిడ ఆ కాగితంతోనే విసురుకుంటూ కూర్చుంది. దిగేటప్పుడు దాన్ని సీటు మీద వదిలేసింది. మడత సరిచేసి మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను.

మైలవరం దాటాక రోడ్డుకు రెండు వైపులా మామిడితోటలు. కోతల రోజులు కావడంతో చెట్ల కింద కాయలు రాశులు పోసి ఉన్నాయి. తొమ్మిదింటికి తిరువూరులో దిగి, బస్టాండు ఎదుటి హోటల్లో ఇడ్లీ తిన్నాను. వేడిగా, మెత్తగా ఉంది. ఆటో అతనికి వీధి పేరు ఎంత చెప్పినా అర్థం కాలేదు. చివరికి సుగుణ పేరు చెప్పాను.

"సుగుణమ్మగారింటికా? ముందే చెప్పొచ్చుగా! మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు రోజూ జావ కాచి తెచ్చేదండి ఆవిడ."

మా అపార్ట్‌మెంటులో పదిహేనేళ్ళుగా ఉంటున్నాను. వాచ్‌మన్ నన్ను ఇప్పటికీ ఫ్లాటు నంబరుతోనే పిలుస్తాడు. కడుపులో మంట ఆ ఆటోలోనే మొదలైంది.

నేను వెళ్ళేసరికి సుగుణ మా మరిదిని పక్కకు తిప్పి ఒళ్ళు తుడుస్తోంది. గదిలో ఒక మూల కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన జాకెట్లు. "రా అక్కా, ఎండన పడి వచ్చావు" అంది. మరిది మాట కూడదీసుకుని "వదినా" అన్నాడు. నేను కూడిక సంగతి ఎత్తితే, "అన్నం తిన్నాక మాట్లాడుకుందాంలే" అంది.

అన్నం వండుదామని నేనే వంటింట్లోకి వెళ్ళాను. మా ఇళ్ళల్లో బియ్యం ఎసట్లో పోసేముందు ఒక గుప్పెడు దేవుడి పేరున తీసి పక్కన పెడతాం. నెలాఖరుకు అవి చర్చి ద్వారా లేనివాళ్ళకు చేరతాయి. సుగుణ గుప్పెడు తీసే డబ్బాలో ఉన్నవి రేషను బియ్యం. పై అరలో ఇంకో డబ్బా, మూత తీస్తే మల్లెమొగ్గల్లాంటి సన్నబియ్యం. దొరికావే సుగుణా అనుకున్నాను. ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

"ఏంటి సుగుణా, దేవుడికి రేషను బియ్యం, మీకు సన్నబియ్యమా?" అన్నాను, మరిదికి కూడా వినపడేలా.

"అవి ఈయన జావకి అక్కా" అందది. ఇంతలో పక్కింటి గుడి పంతులుగారి భార్య ఇత్తడి గిన్నెతో వచ్చి, తిన్నగా ఆ సన్నబియ్యం డబ్బాలోనే బియ్యం పోసింది. నా మాట వాకిట్లోకి వినపడినట్టుంది.

"ఇవి నావండి" అంది నాతో. "మీ మరిది పడిపోయిన కొత్తల్లో ఈ ఇంట్లో రేషను బియ్యం కూడా నిండుకున్నాయి. అయినా ఈ పిల్ల గుప్పెడు తియ్యడం మానలేదు. ఏంటే ఈ పిచ్చి అంటే, మాకంటే లేనివాళ్ళుంటారుగా పిన్నిగారూ అంది. ఆ మర్నాటి నుంచి నేనూ ఎసట్లో పోసేముందు ఒక గుప్పెడు తీస్తున్నా. ఊరంతా మాకు స్వయంపాకం ఇస్తారు కదా, బియ్యం, పప్పూ, కూరలూనూ. నేను దీనికిస్తున్నా."

నేను ఊరుకోలేక, "అయితే మీరు ప్రభువుని నమ్ముకున్నారా?" అన్నాను.

"నేను సుగుణని నమ్ముకున్నానండి" అని నవ్వి వెళ్ళిపోయింది.

నేనిచ్చిన కరపత్రం దాచుకున్న మనిషి ఇంతవరకు నాకు కనపడలేదు. ఇది నోరెత్తకుండా పంతులుగారి వంటింట్లో గుప్పెడు తీయించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మామిడికాయ పప్పు చాలా బాగుంది, ఆ మాట కూడా అనలేదు.

తిన్నాక సుగుణ చెప్పింది. "నేను రాలేనక్కా. ఈయన్ని వదిలి ఎక్కడికి రాను? మైకు ముందు నాకు మాటే రాదు. నువ్వే చెప్పు, నీకు బాగా వచ్చుగా."

అందులో వెటకారమేమైనా ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే ఎంత హాయిగా ఉండేదో. కోరి వచ్చింది దొరికింది, మైకు నాదే. కానీ ఏం చెప్పను? చెప్పదగ్గదంతా దాని ఇంట్లోనే ఉంది.

మూడున్నర బస్సు కిక్కిరిసిపోయింది. సుగుణ ఇచ్చిన మామిడికాయల సంచితో నిలబడితే, ఒకావిడ లేచింది. "మీరు సుగుణమ్మగారి అక్కగారు కదండీ? పొద్దున మిమ్మల్ని వాళ్ళింటి ముందు చూశా. కూర్చోండి." మొహమాటం లేకుండా కూర్చున్నాను. నా చేతిసంచిలో కరపత్రాలున్నాయి, ఒక్కటీ తీయబుద్ధి కాలేదు.

మైలవరంలో ఒక ముసలావిడ ఎక్కి నా సీటు పట్టుకుని నిలబడింది. సుగుణ అయితే ఇంతసేపు ఆలోచించదు అనుకుని, ఆ అక్కసుతోనే లేచాను. ఆవిడ కూర్చుని, "సంచి ఇలా ఇవ్వమ్మా, ఒళ్ళో పెట్టుకుంటా" అంది. ఎక్కడి నుంచి వస్తున్నావని అడిగింది. తిరువూరులో మా తోడికోడలింటి నుంచి అన్నాను.

"మంచిదేనా?"

కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. ఆవిడ అడిగిన సంగతి మరిచిపోయి కునికిపాట్లు పడుతోంది.

"చాలా మంచిదండి" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు కొండపల్లి దాకా పట్టింది.